ఎండుచేపల వాసన ఉన్న పాట

మొదటి కాన్పుకు పుట్టింటికి బయలుదేరిన రోజున హౌరా స్టేషన్లో మా ఆవిడ నాకొక పని అప్పగించి వెళ్లింది. రైలు కదలబోతుండగా కిటికీ చువ్వలకు మొహం ఆనించి పిలిచింది. డబ్బానో మూటనో మరిచిపోయిందేమో అనుకుని దగ్గరికి పరిగెత్తాను.

"ఉత్తరం రాసీటప్పుడు 'ఇచ్చట అందరం క్షేమం' అని రాయకండి. అది మా నాన్న రాత్తాడు. మీరు పాటలు కడతానని పెళ్లిసూపుల్లో సెప్పినారు గదా? నా మీద ఒకటి కట్టండి. నాను బిడ్డనెత్తుకుని వొచ్చీసరికి పాడి వినిపించాల."

రైలు వెళ్లిపోయింది. నేను ప్లాట్‌ఫారం మీద చెయ్యి ఊపుతూ నిలబడి, ఇదెంత పని అనుకున్నాను.

పెళ్లిచూపుల్లో నేనలా చెప్పుకున్న మాట నిజమే. ఆదివారం బడి పిల్లలు వేసిన క్రిస్మస్ నాటకానికి గొర్రెల కాపరుల పాట నేనే కట్టాను. కట్టానంటే, మా నాయనమ్మ దంపుళ్ల పాట వరస తీసుకుని అందులో గొర్రెల్ని తోలాను. ఆ ఒక్క పాటతో నేను కవినైపోయాననుకున్నాను. పెళ్లిచూపుల్లో అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ లేకపోవడంతో ఆ నమ్మకం అలాగే నిలబడిపోయింది.

అవి అరవైల మొదటి సంవత్సరాలు. నేను కలకత్తా రేవులో టాలీ గుమాస్తాని. ఓడలోంచి దిగే బస్తాల్ని లెక్కపెట్టి రాసుకోవడం నా పని. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కితే మధ్యాహ్నానికి దిగేసేవాణ్ణి. మెటియాబ్రుజ్‌లో మా మేనమామ ఇంట్లో ఒక గది మాకిచ్చారు. మావ ఓడ మీద వించి నడిపేవాడు, అంటే సరుకును ఎత్తి దించే యంత్రం. అత్త భీమిలి వైపు మనిషి. పెళ్లయి కలకత్తా వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లోనే ఉంది. ఇంటి కింది భాగమంతా దర్జీల కార్ఖానా. పొద్దు పొడిచింది మొదలు వరసగా కుట్టుమిషన్లు దడదడమంటూ ఉండేవి.

డ్యూటీ దిగాక ఇంకేం పని లేదు కనుక రోజూ మధ్యాహ్నం పాట రాసుకోవచ్చునని లెక్క వేసుకున్నాను. మొదటి రోజు అన్నం తిని, చాప వేసుకుని, కాగితం తొడ మీద పెట్టుకుని కూర్చున్నాను. అత్త తొంగి చూసింది.

"ఏటి సేత్తన్నావురా?"

"రాసుకుంతన్నానత్తా."

"అయితే కాలీగానే ఉన్నావు గదా. బొగ్గులు అయిపోనాయి, ఎల్లి పట్టుకురా."

బొగ్గులు తెచ్చాను. చేతులు కడుక్కుని మళ్లీ కూర్చున్నాను. ఈసారి కిరసనాయిలు. ఆ మర్నాడు చేపలు. బట్టలుతుకుతున్న మనిషిని, బియ్యం ఏరుతున్న మనిషిని ఎవరూ కదపరు. కాగితం ముందు కూర్చుని గోడకేసి చూస్తున్న మనిషి మాత్రం లోకానికంతా ఖాళీగానే కనబడతాడు. ఆ చూపే అసలు పని అని అత్తకు చెప్పబోయాను. "గోడ సూడ్డం పనా? అయితే సున్నం కూడా ఎయ్యి," అంది.

అత్తకు తీరికలేని వేళ చూసుకుని రాయడం మొదలుపెట్టాను. అప్పుడు కింది మిషన్లు అడ్డం పడ్డాయి. అవి దడదడమంటుంటే నా మాటలు కూడా దడదడమంటూనే వచ్చేవి. విరహం గురించి మెల్లగా రాద్దామనుకుంటే అది కవాతు పాటలా తయారయ్యేది. రెండు రోజులు ఓర్చుకుని, కిందికి వెళ్లి దర్జీల మేస్త్రీతో నా బాధ చెప్పుకున్నాను. ఆయన తెల్లగడ్డం పెద్దమనిషి. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. భార్య కోసం పాట అనగానే ఆయన కళ్లు మెరిశాయి. ఉర్దూలో ఏదో అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. అంతటితో ఊరుకోకుండా చప్పట్లు కొట్టి మిషన్లన్నీ ఆపించేశాడు.

నేను గబగబా మెట్లెక్కి కాగితం ముందు కూర్చున్నాను. అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. గోడ మీద బల్లి నడక కూడా వినబడుతోంది. నేల పలకల సందులోంచి కిందికి చూస్తే దర్జీలందరూ చేతులు కట్టుకుని, తలలు పైకెత్తి, నా నేలను, అంటే తమ కప్పును చూస్తూ కూర్చున్నారు. నా మెదడులో ఒక్క మాట లేదు. ఉన్న మాటలు కూడా పారిపోయాయి. కాసేపటికి కింది నుంచి మేస్త్రీ గొంతు వినిపించింది.

"హో గయా, భాయ్?"

అయిందా అని అడుగుతున్నాడు. అయిపోయిందన్నాను. దర్జీలు సంతోషంగా ఒక్క కేక వేసి మిషన్లు తొక్కడం మొదలుపెట్టారు. ఆ చప్పుడు మళ్లీ వినబడేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఇక మిషన్ల మధ్యే రాశాను. పెద్ద పెద్ద మాటలు వేస్తే చప్పుడులో కూడా నిలబడతాయని తోచి, 'చంద్రవదనా, మందగమనా' అని ఎత్తుకున్నాను. ఆదివారం ప్రార్థనకు ముందు మావ గడ్డం గీసుకుంటుంటే, వరస కుదిరిందో లేదోనని కూనిరాగం తీశాను. మావ కత్తి ఆపాడు.

ఓడ మీద సరుకు పైకి ఎత్తాలంటే 'హాబిస్' అని కేక వేస్తారు, దించాలంటే 'ఆరియా' అంటారు. జీవితమంతా ఆ కేకలకే చెయ్యి ఆడించిన మనిషి మావ.

"ఒరే అల్లుడూ, 'చంద్ర' కాడ గొంతు హాబిస్ సెయ్యాల. నువ్వు ఆరియా సేసీసినావు. బస్తా నీటిలో పడిపోద్ది."

వంటింట్లోంచి అత్త గరిటె పట్టుకుని వచ్చింది.

"ఈ చంద్రవదన ఎవర్తిరా? పెళ్లాం ఊల్లో లేనప్పుడు ఏటీ పాటలు?"

"తనేనత్తా! మొకం చంద్రుడిలా ఉంటాదని."

అత్త ఆలోచించింది. "దాని మొకం కోలగా ఉంటాది గదరా. గడ్డం కాడ సన్నం. చంద్రుడు గుండ్రంగా ఉంటాడు."

"మరి మందగమన?" అన్నాడు మావ, గడ్డానికి సబ్బు అలాగే ఉంచుకుని. అర్థం చెప్పాను. మెల్లగా నడిచేదని. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. మా ఆవిడ నడిస్తే మెట్లు దడదడలాడేవి. పైనుంచి దిగుతోందంటే కింద మేస్త్రీ కత్తెర పక్కన పెట్టేవాడు. ఆ కాగితం చింపేశాను.

ఇంట్లో లాభం లేదని నది మీదికి పోయాను. మధ్యాహ్నం పూట నది దాటించే స్టీమరు మీద అటు ఒడ్డుకు వెళ్లి ఇటు వస్తే గాలికి మనసు కుదురుకుంటుందనుకున్నాను. బల్ల మీద ఓ మూల కూర్చుని రాసుకుంటుంటే పక్కకు ఒక బెంగాలీ పెద్దాయన జరిగాడు. పంచె, గుడ్డసంచి, దళసరి కళ్లజోడు.

"కొబితా నాకి, దాదా?" అన్నాడు. కవిత్వమా అని.

అవునన్నాను. మా ఇంట్లో రాసుకునే మనిషి ఖాళీ మనిషి. ఆ ఊళ్లో రాసుకునే మనిషి ఊరందరి మనిషి అని నాకప్పటికి తెలియదు. ఆయన బల్ల మీద ఉన్న వాళ్లందరికీ చెప్పాడు. అందరూ నా వైపు తిరిగారు. చదవమన్నారు. తెలుగు మీకు అర్థం కాదన్నాను. కవిత్వానికి భాషతో పనేమిటన్నారు. చదివాను. పెద్దాయన కళ్లు మూసుకుని, తల ఊపుతూ ఆసాంతం విన్నాడు.

"ఖూబ్ భాలో," అన్నాడు. చాలా బాగుందని. ఆ వెంటనే వేలెత్తి, "కానీ మూడో పాదం బలహీనంగా ఉంది," అని బెంగాలీలో చెప్పాడు.

ఒక్క ముక్క అర్థం కాని మనిషి ఎలా కనిపెట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు. మూడో పాదం నిజంగానే బలహీనంగా ఉంది. నేను ఆ ఆశ్చర్యంలో ఉండగానే ఆయన సంచిలోంచి తన కవితల కట్ట తీశాడు. ఒడ్డు వచ్చింది, ఆయన దిగలేదు. మళ్లీ ఇటు ఒడ్డు వచ్చింది, నన్ను దిగనివ్వలేదు. ఇంటికి చేరేసరికి నా సొంత పాట ఒక్క అక్షరం గుర్తులేదు. ఆయన వర్షం కవిత మాత్రం పల్లవితో సహా తలకెక్కింది.

ఈలోగా ఆడపిల్ల పుట్టిందని కార్డు వచ్చింది. మామగారు రాశారు, ఇచ్చట అందరం క్షేమమని. కింద మా ఆవిడ వేరే సిరాతో ఒక్క మాట రాసింది: 'పాట?'

చివరికి నాకు దొరికిన చోటు మా ప్రార్థన మందిరం. రేవులోనూ రైల్వేలోనూ పనిచేసే తెలుగువాళ్లం ఆదివారాలు కలుసుకునే చిన్న హాలు అది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం అక్కడ పిచ్చుకలు తప్ప ఎవరూ ఉండరు. గుళ్లో కూర్చున్నవాణ్ణి బొగ్గులకు పంపడం అత్తకు కూడా చేతకాదు. వెనక బల్ల మీద కూర్చున్నాను.

అక్కడా మొదట మనసు నిలవలేదు. పాట రాయాలి, పాట రాయాలి అనుకుంటే పాట తప్ప అన్నీ గుర్తొచ్చేవి. లెక్కలో పోయిన బస్తా, తెగిన చెప్పు. ఇక పాట సంగతి వదిలేసి, ఆమెను తలుచుకుందామని కళ్లు మూసుకున్నాను. మనిషి మొత్తంగా తలుచుకుంటే పెళ్లి ఫోటో తప్ప ఏమీ కనబడలేదు. అందుకని ఒక్కటే ఒక్కటి పట్టుకున్నాను. ఎండుచేపలు వేయించి, కొంగుతో మొహం తుడుచుకుంటూ గదిలోకి వచ్చే క్షణం. దాన్నే పట్టుకుని కూర్చున్నాను. బస్తా గుర్తొస్తే రానిచ్చాను, పోనిచ్చాను, మళ్లీ ఆ కొంగు దగ్గరికి వచ్చాను. మాటలు వాటంతట అవే వచ్చాయి. మర్నాడు ఆమె అలక పట్టుకున్నాను. ఆ తర్వాత నవ్వు.

నీవు లేని ఇల్లు నీరు లేని రేవు
నీవు పిలిచే దాకా నే కట్టు తెగిన నావ
ఎండుచేపల వాసన నీ కొంగు నిండా
నా ఆకలికి అదే కదా పండుగ
నీవు అలిగిన వేళ అల లేని ఏరు
నవ్వితే చిన్నదయ్యే నీ ఎడమ కన్ను
ఆ సందులోంచే తెల్లవారు నాకు

పూర్తయిన రోజున హాలులో ఎవరూ లేరు కదా అని గొంతెత్తి పాడాను. రెండోసారి పాడుతుండగా పక్క గది తలుపు తెరుచుకుంది. మా అయ్యగారు, అంటే పాస్టరు, గుమ్మంలో నిలబడి ఉన్నారు. గోదావరి వైపు మనిషి. భార్య పోయాక ఒంటరిగా ఆ పక్క గదిలోనే ఉండేవారు. ఆ మధ్యాహ్నం పడుకున్నారట. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"ఎంత భక్తి నాయనా! ఎన్నాళ్ల నుంచి దాచుకున్నావు ఇది?"

"అయ్యగారూ, ఇది దేవుడి..."

"దేవుడిచ్చిందే. వినయం వద్దు. కాగితం ఇలా ఇవ్వు."

ఇచ్చేశాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పాదం చదివారు. చేపల దగ్గర ఆగారు. దొరికిపోయాననుకున్నాను.

"చేపలు! శిష్యులంతా జాలరులే కదా! ఈ మాట ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు చూడు. కానీ ఇక్కడ... దేవుడు అలుగుతాడంటావా?"

అది చెప్పడానికి మంచి సమయం. కానీ నా నోటి నుంచి వచ్చింది వేరే. "పాత నిబంధనలో అలుగుతాడు గదండీ."

"నిజమే సుమా. చాలాసార్లు. ఉంచుదాం."

ఎడమ కన్ను మాత్రం ఆయనకు ఏ గ్రంథంలోనూ దొరకలేదు. చాలాసేపు ఆలోచించి, పెన్సిలుతో 'ఎడమ' కొట్టేసి 'కరుణ' అని రాశారు. చిన్నదవడం బాగుండదని 'పెద్దదయ్యే' అని దిద్దారు. కోతల పండుగకు ఈ పాటే పాడదామన్నారు. మాలో ఎవరికీ సెంటు పొలం లేదు. అయినా బజారులో గుమ్మడికాయలు, అరటి గెలలు కొనుక్కొచ్చి ఏటేటా మందిరంలో పెట్టి, పంట ఇచ్చినందుకు దేవుణ్ణి స్తుతించేవాళ్లం.

పండుగకు ముందు వారంలో మా ఆవిడ పాపతో దిగింది. పాట ఏదని అడిగింది. ఆదివారం వింటావన్నాను.

ఆదివారం హాలు నిండిపోయింది. హార్మోనియం ఎత్తుకుంది. మావ డోలక్కు అందుకున్నాడు. గుమ్మడికాయల వెనక నిలబడి అయ్యగారు చేతులు చాచారు. రేవు కూలీలు, ఫోర్‌మన్లు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు అందరూ ఒక్క గొంతుతో 'ఎండుచేపల వాసన నీ కొంగు నిండా' అని పాడారు. అత్త గొంతు అందరికంటే పైన వినబడింది. ఆడవాళ్ల వైపు చూశాను. మా ఆవిడ పాపను భుజాన వేసుకుని, పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. పుస్తకం వణుకుతోంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

ఇంటికి వచ్చాక గది తలుపు వేసింది.

"అసలుది పాడండి."

కొట్టేసిన మాటలతో సహా మెల్లగా పాడాను. కింద మిషన్లకు సెలవు. పాప కూడా కదలకుండా వింది.

"ఎడమ కన్ను కాదు," అంది. "కుడిది. మీరు ఎదురుగా నిలబడి సూసినారు గదా, మీకు ఎడమ."

"మారుస్తాను."

"వొద్దు. మీరు సూసినట్టే ఉండనియ్యండి." మళ్లీ ఏదో గుర్తొచ్చి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "నా కొంగు వాసన ఊరందరి సేతా పాడించీసినారా!"

సాయంత్రం అయ్యగారు పాపను చూడడానికి వచ్చారు, పండుగ గుమ్మడికాయ ముక్క ఒకటి కాగితంలో చుట్టుకుని. మావ కుర్చీ వేశాడు, అత్త టీ పెట్టింది. అయ్యగారు పాపకు ప్రార్థన చేసి, మా ఆవిడ వైపు తిరిగారు.

"మీ ఆయన పాట విన్నావా తల్లీ? నా ఇన్నేళ్ల సేవలో అంత చక్కటి మాట వినలేదు. ఆ చేపల వాసన..."

"అది నా వాసనండి, అయ్యగారూ," అంది మా ఆవిడ.

ఆమెకు దాచడం రాదు. అత్త చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. మావ ముందు నా వైపు, తర్వాత అయ్యగారి వైపు, తర్వాత కప్పు వైపు చూశాడు. నేనైతే ఆ గుమ్మడికాయ ముక్కకేసే చూస్తున్నాను. మందిరంలోంచి వెలివేస్తారా, లేక పండుగ పాటను వెనక్కి తీసుకోవడానికి ఏదైనా పద్ధతి ఉందా అని ఆలోచిస్తున్నాను.

అయ్యగారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచారు. చాలాసేపు తుడిచారు.

"అనుమానం వచ్చింది నాయనా," అన్నారు చివరికి. "ఆ ఎడమ కన్ను దగ్గరే వచ్చింది. అందుకే దాన్ని కొట్టేశాను. కొట్టేయకపోతే పాట నాకు దక్కేది కాదు." ఒక గుక్క టీ తాగారు. "మా ఆవిడ పోయి ఇన్నేళ్లయింది. ఆ రోజు నిద్రలో నీ పాట వినబడితే, ఆమె పక్క గదిలో చేపలు వేయిస్తోందనుకుని లేచాను. ఆ వాసన నిజంగానే తగిలింది. దేవుడి పాట కాకపోతే అలా ఎందుకు తగులుతుంది?"

అత్త ముక్కు చీదింది. మావ మెల్లగా, "అయితే అయ్యగారూ, పాట ఉంచీయమంటారా?" అన్నాడు.

"ఉంచండి. పాడేవాళ్లు ఎవరికి తోచిన వాళ్లను వాళ్లు తలుచుకుంటారు."

గుమ్మం దాకా సాగనంపడానికి వెళితే ఆయన మెట్ల మీద ఆగారు. గొంతు తగ్గించి, "నేనూ ఒకటి రాద్దామని చాలాకాలంగా అనుకుంటున్నాను, ఆమె మీద. కూర్చుంటే మనసు నిలవదు. వారం తిరగకుండా ప్రసంగం రాస్తాను, ఇది మాత్రం కదలదు. నువ్వెలా నిలబెట్టావు?" అని అడిగారు.

నాకు తెలిసిందల్లా చెప్పాను. మొత్తం మనిషిని తలుచుకోవద్దని. ఒక్కటి పట్టుకోమని. వేరేవి వస్తే వచ్చి పోనిమ్మని.

ఆ చలికాలమంతా మధ్యాహ్నాలు నేను వెనక బల్లకు ఒక చివర, ఆయన మరో చివర కూర్చునేవాళ్లం. నేను పాపకు జోలపాట కడుతున్నాను. ఆయన ఏం పట్టుకున్నారో అడగలేదు. ఆయనకు నాకున్నంత అదృష్టం లేదు. ప్రతి మధ్యాహ్నం ఎవరో ఒకరు వచ్చేవారు, బాప్తిస్మం సర్టిఫికెట్టు కోసమో, అల్లుడు తాగుతున్నాడని చెప్పుకోవడానికో. గుళ్లో కాగితం ముందు కూర్చున్న పాస్టరు కూడా ఖాళీగానే కనబడతాడని అప్పుడు తెలిసింది. ఆయన ఓపిగ్గా లేచి వెళ్లి, పని చూసి, తిరిగి వచ్చి, కళ్లు మూసుకునేవారు.

ఎండలు ముదిరేసరికి ఆయన్ని నది దిగువన ఉన్న బడ్జ్ బడ్జ్ సంఘానికి మార్చారు. సామాను లారీ ఎక్కించాక, పాట అయిందా అని అడిగాను.

"ఒక చరణం వచ్చింది," అన్నారు. ఏమిటో చెప్పలేదు. లారీ ముందు సీట్లో కూర్చుని, డ్రైవరు హారను కొడుతుంటే, పెదవులు కదుపుతూ వెళ్లిపోయారు.